ఆ బిడ్డ ఫొటో తీసింది నేనే

మేము మెషీన్లు కొనం

మేము మెషీన్లు కొనం. పద్నాలుగేళ్లు ఈ మాట చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డల ఐసీయూ కోసం చందా అడుగుతున్నామంటే చాలు, ఎదుటివాళ్ల కళ్ల ముందు బిడ్డల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు కదులుతాయి. "ఎన్ని పెట్టెలు కొన్నరు మేడం?" అంటారు. ఒక్కటీ కొనలేదు. పెట్టెలు సర్కారువి, మందులు సర్కారువి, డాక్టర్ల జీతాలు సర్కారువి. లోపల ఉన్న బిడ్డకు తల్లిదండ్రులు పైసా కట్టనక్కర్లేదు.

కష్టమంతా తలుపు బయట ఉంటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ నెల, ఒక్కోసారి నెలన్నర లోపల ఉంటుంది. అన్నాళ్లూ తల్లి బయటే ఉండాలి. రెండు మూడు గంటలకోసారి పాలు పిండి లోపలికి ఇవ్వాలి. ఆమె పచ్చిబాలింత, కుట్లు ఆరని మనిషి. ఎక్కడ పడుకుంటుంది? ఏం తింటుంది? ఇంటి దగ్గర పెద్దపిల్లకు అన్నం ఎవరు పెడతారు? భర్త రోజూ బస్సెక్కి దవాఖానకు వస్తే చేనికి ఎవరు పోతారు? మా సంస్థ చూసుకున్నది ఇవే. దవాఖాన వెనక వీధిలో నాలుగు మంచాల గది ఒకటి, రెండు పూటలా భోజనం, మగవాళ్లకు బస్సు చార్జీ, అవసరమైతే ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషి.

ఇంత చిన్న పనికి ఒక సంస్థ ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అనిపించింది. ఒక ఏడాది ఆ బెంచీ మీద కూర్చున్నాక అర్థమైంది. నేను చూసిన బిడ్డల్లో ఊపిరి అందక పోయినవాళ్లు ఉన్నారు, రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చి పోయినవాళ్లు ఉన్నారు. ఇంటి దగ్గర ఇంకో బిడ్డ ఉన్నందుకు పోయినవాళ్లూ ఉన్నారు. పత్తి తీసే రోజులు వచ్చినందుకు పోయినవాళ్లూ ఉన్నారు. తండ్రి వచ్చి, "ఇగ మేం తీస్కపోతం సార్" అని కాగితం మీద సంతకం పెట్టి, కిలోన్నర కూడా లేని బిడ్డను తువాలలో చుట్టుకుని బస్టాండుకు నడుస్తాడు. ఆ చావుకు కారణం ఏ కాగితంలోనూ ఉండదు.

నాకు ఈ ఉద్యోగానికి సంబంధించిన చదువేమీ లేదు. వనపర్తిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. నలభై ఆరో ఏట ఈ పనిలో చేరాను. అరవై నిండాయి, మానేశాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి బిడ్డలు వచ్చే ఆ దవాఖాన పేరు రాయను. అక్కడి డాక్టర్లూ సిస్టర్లూ చేయగలిగినదంతా చేశారు. ఇక్కడ రాసే తప్పులు నావి.

మాణిక్యం సారు

మా సంస్థ పెట్టిన మాణిక్యం సారుకు విత్తనాల దుకాణం ఉండేది. ఆయన మనవరాలు అదే ఐసీయూలో పదకొండు రోజులు ఉండి చనిపోయింది. ఆ పదకొండు రోజులూ ఆయన బయట బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్న ఒక తల్లి మూడు రోజులు బన్ను, చాయతోనే గడిపిందట. నాలుగో రోజుకు ఆమెకు పాలు పడలేదట. "మా కోడలికి ఇంటికాడినుంచి క్యారేజీ వచ్చేది సుగుణమ్మా. నా పక్కల కూసున్న పిల్ల ఏం తింటున్నదో నేను నాలుగొద్దుల దాక అడగలే" అని నాతో చాలాసార్లు అన్నాడు. ఆ నాలుగు రోజుల కోసమే ఆయన ఈ సంస్థ పెట్టాడని నా నమ్మకం.

చేరిన రోజు ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే. "ఎవ్వరికి ధైర్యం చెప్పకు. తిన్నరా అని అడుగు. అంతే."

ఈ పనిలో నేను విన్న సలహాల్లో ఇంతకంటే గొప్పది లేదు. ధైర్యం చెప్పడం మన కోసం చేసే పని. ఎదుటి మనిషి ఏడుపు మనం చూడలేక చెప్పేది. కొత్తగా వచ్చేవాళ్లు వారం తిరగకుండానే, "ఏం పరేషాన్ గాకు, మంచిగైతది" అనేస్తారు. నేనూ అన్నాను. మంచిగ కానప్పుడు ఆ తల్లి డాక్టర్ను తిట్టలేదు, దేవుణ్ని తిట్టలేదు. నా వైపు చూసి, "మంచిగైతదంటివి గదమ్మా" అంది. ఆ తర్వాత నేను తిన్నరా అనే అడిగాను.

మాణిక్యం సారు మంచివాడు. మంచివాళ్ల కింద పనిచేయడం కష్టం. చెడ్డ యజమానితో పోట్లాడి ఇంటికెళ్లి హాయిగా అన్నం తినవచ్చు. మంచి మనిషి తప్పు చెబుతున్నప్పుడు అది తప్పని తెలియడానికే ఏళ్లు పడుతుంది.

అంగట్లో

చందాలు ఎలా వస్తాయో చెప్పాలి. సభల్లో వస్తాయనుకోకండి. సభల్లో శాలువాలు వస్తాయి.

మాకు ఎక్కువగా పశువుల సంత జరిగే పెబ్బేరు అంగట్లో వచ్చేవి. వారం వారం పోయేవాళ్లం. రసీదులు రాసే చోటుకు కాస్త దూరంలో, రాకపోకల దారిలో చందా పెట్టె పట్టుకుని నిలబడేదాన్ని. మొదట్లో ఎడ్లు అమ్ముకుని వచ్చేవాళ్లను అడిగేదాన్ని, చేతిలో డబ్బుంటుంది కదా అని. అమ్మినవాడు ఇవ్వడు. వాడు ఇంట్లో మనిషిని పంపించి వస్తున్నట్టు ఉంటాడు, కళ్లెత్తి చూడడు. కొన్నవాడు ఇస్తాడు. కొత్త జత మెడ మీద చెయ్యి వేసి నడిపించుకుపోతూ, దిష్టి తగలకుండా వేసినట్టు ఒక నోటు వేసి పోతాడు. ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పెద్ద చందాలు ఇచ్చేవాళ్ల సంగతి వేరు. ఒక మిల్లు యజమాని ఏడాదికి సరిపడా బియ్యం ఇస్తానన్నాడు. ఒకటే షరతు. లోపలికి పోయి, బిడ్డ పక్కన నిలబడి, తన చేత్తో తల్లికి బస్తా ఇస్తూ ఫొటో దిగాలి. ఇన్‌చార్జి సిస్టర్ తలుపు దగ్గరే ఆపేసింది. "చెప్పులు ఇడిస్తె సరిపోదు సార్. రోగం లోపలికి వస్తది" అంది. ఆయన మొహం ఎర్రబడింది. బియ్యం రాలేదు. ఆ రోజు సిస్టర్ మీద నాకు కోపం వచ్చిందని ఇప్పుడు సిగ్గుతో రాస్తున్నాను.

అప్పటికి మాకు అర్థమైంది ఏమిటంటే, మాటలకు పెట్టె నిండదు. "పాలిచ్చే తల్లికి అన్నం" అంటే జనం తలూపి వెళ్లిపోతారు. గాజుపెట్టెలో, ముక్కులో సన్న గొట్టంతో, అరచేయంత బిడ్డ కనిపిస్తే ఆగుతారు. సారు ఒకరోజు అన్నాడు: "చెప్తె ఇటు ఇని అటు పోతరు సుగుణమ్మా. చూపెట్టాలె."

బాలమణి బిడ్డ

వడ్డేపల్లి దగ్గరి ఊరు వాళ్లది. భర్త కుర్మన్న, భార్య బాలమణి. కౌలుకు తీసుకున్న చేలో విత్తనపత్తి పండించేవాళ్లు. పెళ్లయి ఆరేళ్లు. రెండు కడుపులు నిలవలేదు, మూడోది ఏడో నెలలో ఆడపిల్లగా పుట్టింది. కిలో మీద ఒక వంద గ్రాములు.

బాలమణి మాట్లాడే మనిషి కాదు. మా గదిలో మిగతా తల్లులు ఒకరి జడ ఒకరు దువ్వుకుంటూ ఊళ్ల ముచ్చట్లు చెప్పుకుంటుంటే ఈమె గోడవైపు తిరిగి పడుకునేది. పాల వేళకు మాత్రం ఎవరూ పిలవకముందే లేచేది. బిడ్డ దగ్గర మాత్రం నోరు తెరిచేది. పెట్టె గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టి, "ఏంది, ఇంటికి పోదమా? మీ నాయిన తొట్టెల గట్టిండు" అని గుసగుసగా మాట్లాడుతుండేది. ఆ వార్డులో అంత మెల్లగా, అంత ఎక్కువగా మాట్లాడిన తల్లిని నేను మళ్లీ చూడలేదు.

తొమ్మిదో రోజు బిడ్డను మొదటిసారి పెట్టె బయటకు తీశారు. తల్లి ఎదమీద, ఒంటికి ఒళ్లు ఆనేట్టు పడుకోబెడతారు. బిడ్డకు ఆ వెచ్చదనం మంచిది. బాలమణి కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ కూర్చుంది. బిడ్డ తల్లి చూపుడువేలు పట్టుకుంది. పట్టుకుందంటే ఏదో తగిలితే పసివాళ్లు మూసుకునే పిడికిలి అది. కానీ చూస్తే పట్టుకున్నట్టే ఉంది.

చందా కోసం ఒక ఫొటో తీయవచ్చా అని కుర్మన్నను ముందే అడిగాను. "తీస్కోండి మేడం. పదిమందికి పనికొస్తదంటె మంచిదే గద" అన్నాడు. సిస్టర్ అనుమతి తీసుకున్నాను. లోపల బాలమణితో, "ఒక ఫొటో తీస్తనమ్మా" అని మాత్రమే అన్నాను. ఆమె నా వైపు చూసి నవ్వింది. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నవ్వును నేను ఒప్పుకోలు కింద తీసుకున్నాను.

మంచి ఫొటో. నా జీవితంలో నేను తీసిన ఒకే ఒక్క మంచి ఫొటో అది. సారు చూసి కళ్లద్దాలు తుడుచుకుని, దాన్ని పెద్ద ఫ్లెక్సీగా కొట్టించాడు. పైన పెద్ద అక్షరాలతో "ఈ పాపను కాపాడండి" అని. చిన్న సైజులో వాట్సాప్‌లో పంపించాం. దుకాణాల్లో పెట్టిన పెట్టెల మీద అతికించాం. పెట్టెలు నిండాయి. అంతకు ముందెప్పుడూ అలా నిండలేదు.

ఇరవై ఆరో రోజు పొద్దున బిడ్డ చనిపోయింది. రక్తంలో ఇన్ఫెక్షన్ చేరింది. మూడు రోజులు కొట్టుకుంది. ఊరికి తీసుకుపోవడానికి నేనే బండి మాట్లాడాను. బాలమణి బండిలో కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకుంది. పాలు పొంగి రవికె తడుస్తూ ఉంది. దాని గురించి ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు, పాలు ఆగడానికి ఏం చేయాలో కూడా. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బిడ్డ పోయినా పాలు వస్తాయి. తల్లికి ఆ సంగతి బండి ఎక్కకముందే చెప్పాలి.

ఫ్లెక్సీ తీసేయాలన్న ఆలోచన నాకు రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. తీసేస్తే పెట్టె నిండదని కూడా వచ్చింది. ఆ నెల గదిలో నలుగురు తల్లులున్నారు.

"మన్నుల పెట్టింది ఎవ్వర్ని?"

అయిదు నెలల తర్వాత పెబ్బేరు అంగట్లో, ఎప్పటి చోటే, ఫ్లెక్సీ రెండు గుంజలకు కట్టి నేను పక్కన నిలబడ్డాను. బాగా జనం. దుమ్ము. ఎడ్ల జత కోసం వచ్చిన కుర్మన్న నన్ను దూరం నుంచి చూసి నమస్కారం పెట్టబోయి ఆగిపోయాడు. అతని వెనక బాలమణి.

ఆమె చదువుకోలేదు. ఫ్లెక్సీ ముందుకొచ్చి నిలబడి, ఆ ఫొటోలో తన వేలిని చూసింది. తర్వాత బిడ్డ మొహాన్ని చూసింది. ఇంత పెద్దగా ఆ మొహాన్ని ఆమె ఎన్నడూ చూసి ఉండదు. కుర్మన్న వైపు తిరిగి, "ఏం రాసిండ్రు?" అంది.

అతను ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోబోయాడు.

"ఏం రాసిండ్రయ్యా, చదువు."

"ఈ పాపను కాపాడండి అని" అన్నాడు మెల్లగా.

ఆమె నా దగ్గరకొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. "అక్కా, కాపాడుండ్రి అని అడుగుతున్నవు. మరి మేము మన్నుల పెట్టింది ఎవ్వర్ని?" అంది.

నా చేతిలో పెట్టె ఉంది. దాని మీదా అదే బొమ్మ. అడ్డంగా చెయ్యి పెట్టి మూశాను.

కుర్మన్న ముందుకొచ్చి, "నేనే తీస్కొమ్మన్న. మేడందేం తప్పు లేదు, తప్పు నాది" అన్నాడు.

బాలమణి అతని వైపు తిరిగింది. "నువ్వు ఇచ్చినవా? నన్ను అడగకుంట ఇచ్చినవా నా బిడ్డను?"

జనం మూగారు. ఒకాయన ఏమీ తెలియక ఆ గొడవ మధ్యలోనే చెయ్యి చాపి నా పెట్టెలో పది రూపాయలు వేశాడు. కుర్మన్న గుంజల దగ్గరికి పోయి తాళ్లు విప్పాడు. ఫ్లెక్సీని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఎడ్లు కొనకుండానే వెళ్లిపోయారు. ఆమె ముందు, అతను చాలా వెనక.

నెల తర్వాత క్షమాపణ చెప్పుకుందామని వాళ్ల ఊరికి పోయాను. బాలమణి లేదు. రాష్ట్ర సరిహద్దు అవతల, తల్లిగారింటికి పోయింది. కుర్మన్న చేలో ఉన్నాడు. పని ఆపలేదు, నన్ను కూర్చోమనలేదు. "ఫోన్ జేస్తె ఎత్తుతలేదు మేడం. బిడ్డను అమ్ముకున్నవు అంటున్నది. నేను అమ్ముకున్ననా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నేను లేదు అని చెప్పాల్సింది.

"నేను పోయి ఆమెతోటి మాట్లాడ్త" అన్నాను. ఇంట్లోంచి అతని తల్లి బయటికి వచ్చి చెయ్యి అడ్డంగా ఊపింది. "బ్యాడమ్మా, బ్యాడ" అంది. ఆ వైపు ఊళ్లలో వద్దనడానికి ఆ కన్నడ మాటే వాడతారు. "నువ్వు పోతె ఉన్నదిగూడ పోతది. మా పాటికి మమ్ముల ఇడ్సిపెట్టు."

వదిలిపెట్టాను. బాలమణి మళ్లీ ఆ ఇంటికి రాలేదని రెండేళ్ల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

నేను పెట్టిన షరతు

అంగట్లో ఆ గొడవ జరిగిన వారమే సారుతో పోట్లాట అయింది. నేను అన్నాను, ఇకమీదట ఏ బిడ్డ ఫొటో ఎక్కడా వాడకూడదు, అడగకూడదు, తీయకూడదు. లేదంటే నేను మానేస్తాను.

ఆయన చాలా ఓపికగా విన్నాడు. "తప్పయింది. ఒప్పుకుంటున్న. బిడ్డ పోయినంక తియ్యకపోవుడు తప్పు. తల్లిని అడగకపోవుడు తప్పు. గంతమాత్రాన ఫొటోనే తప్పయితదా? అడిగి తీద్దం. ఇష్టమున్నోళ్లదే తీద్దం" అన్నాడు.

"ఇష్టమా? బిడ్డ లోపల కొట్టుకుంటుంటె, మనం పెట్టిన అన్నం తింటుంటె, మనం అడిగితె వద్దంటరా సార్?"

నా మాటలో నిజముందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ అప్పుడు ఆ మాట అన్న గొంతులో నిజం కంటే ఎక్కువగా నా అవమానం ఉంది. అంగట్లో అంతమంది ముందు తల వంచుకున్న మనిషి మళ్లీ అలాంటి చోటికి పోకుండా ఉండటానికి నియమం పెట్టుకుంది. దానికి నీతి అని పేరు పెట్టింది.

సారు ఒప్పుకున్నాడు. "నువ్వు లేకుంటె పని నడవది. ఫొటో లేకుంటె పైసలు నడవయ్. సరే, చూద్దం" అన్నాడు.

చూశాం. మాటలతో అడిగాం. కరపత్రాలు వేశాం. అంగట్లో తెల్ల కాగితం అతికించిన పెట్టె పట్టుకుని నిలబడ్డాను. మరుసటి ఏడు గదిలో మంచాలు రెండయ్యాయి. తల్లి ఉన్నన్నాళ్లూ పెట్టే భోజనం పదిహేను రోజులకు కుదించాం. ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే మనిషికి ఇవ్వడం పూర్తిగా ఆపేశాం. ఆ నోటీసు నేనే, నా చేతిరాతతో, గది గోడమీద అంటించాను.

షబానా

ఆత్మకూరు నుంచి వచ్చింది షబానా. భర్త ఖాజా ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే చిన్న దుకాణం నడిపేవాడు. ఇంటి దగ్గర నాలుగేళ్ల కూతురు, ఖాజా తల్లి. రెండో కాన్పులో నెలలు నిండకముందే కొడుకు పుట్టాడు. బాలమణి బిడ్డ కంటే బరువే ఉన్నాడు. డాక్టరు మొదటి వారంలోనే, "ఈయన నిలుస్తడు" అన్నాడు. అక్కడి డాక్టర్లు అంత సులభంగా ఆ మాట అనరు.

షబానా బాలమణికి పూర్తిగా వ్యతిరేకం. నవ్వేది, నవ్వించేది. పాలు పిండుతూ, "మా బర్రెకన్న మంచిగిస్తున్న జూడక్కా" అనేది. అంత దిగులు గదిలో ఆమె గొంతు వినిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది.

పదహారో రోజున ఖాజా తల్లి బావి దగ్గర జారిపడి తుంటి విరిగింది. ఇక ఆ ఇంట్లో మంచాన పడ్డ ముసలామె, నాలుగేళ్ల పిల్ల. ఖాజా దుకాణం మూసి రెండు రోజులు వంట చేశాడు. మూడో రోజు వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. "ఒక మనిషిని పెట్టుకుంటె ఎల్తది మేడం. మీరు పెడ్తుంటిరంట గద ఇంతకుముందు" అన్నాడు.

ఇప్పుడు పెట్టడం లేదని చెప్పాను. ఎందుకని అడిగాడు. పైసలు లేవన్నాను.

సాయంత్రం షబానా నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మావోని ఫొటో తీస్కో" అంది.

"ఎందుకు?"

"ఫొటో పెడితె పైసలొస్తయంట గద. గదిల వేరేటోళ్లు చెప్పిండ్రు. మా ఆయన ఏమనడు, నేను అడిగిన. నా మొకం గూడ తీస్కో, నాకేం లేదు. తీసి ఏసుకో యాడ్నన్న."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మేము గట్ల తియ్యమమ్మా ఇప్పుడు. బిడ్డను చూపెట్టి అడుగుడు మంచిది గాదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు గర్వంగా అనిపించింది. అది ఇక్కడ రాయకపోతే ఈ రాతంతా దండగ.

షబానా నా మొహంలోకి చూసింది. "నేనే తీస్కొమ్మంటున్న గదక్కా" అంది. రెండుసార్లు అంది.

మా ఇంట్లోంచి డబ్బు తెచ్చి ఒక మనిషిని పెట్టి ఉండవచ్చు. సారును అడిగి ఉండవచ్చు. ఆ వారం ఆయన ఆరోగ్యం బాగాలేక మంచంలో ఉన్నాడు, ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. ఒకరికి పెడితే అందరూ అడుగుతారనుకున్నాను. ఉద్యోగంలో ముదిరినవాళ్లకు కారణాలు సులభంగా దొరుకుతాయి.

ఇరవయ్యో రోజున ఖాజా సంతకం పెట్టాడు. డాక్టరు బతిమాలాడు. "ఒక్క వారం, ఖాజా. ఒకే ఒక్క వారం. ఇంక గొట్టంతోనే తాగుతున్నడు" అన్నాడు. ఖాజా తల వంచుకుని, "మా అమ్మ కింద తడిసిపోయి పండుకుంటున్నది సార్. పెద్దబిడ్డ ఆకలైతున్నదని పక్కింటోళ్ల గుమ్మంల కూసుంటున్నది. నేనేం జెయ్యాలె?" అన్నాడు. వార్డులో ఎవరికీ తెలియలేదు ఆయనేం చెయ్యాలో. నాకు తెలుసు. వాళ్ల ఇంట్లో రోజుకు మూడు నాలుగు గంటలు ఉండే ఒక ఆడమనిషి కావాలి.

షబానాకు గిన్నెతో పాలు ఎలా పట్టాలో, ఒంటికి ఎలా ఆనించుకోవాలో సిస్టర్ మళ్లీ మళ్లీ చూపించింది. బస్టాండు దాకా నేను తోడు పోయాను. ఆత్మకూరు బస్సు ఎక్కి, కిటికీలోంచి నా వైపు చూసి నవ్వి చెయ్యి ఊపింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఖాజా ఫోన్ చేశాడు. రెండు మాటలే. "పాయె మేడం."

చివరగా

నా తర్వాత ఈ పనిలోకి వచ్చినవాళ్లకు నేను చెప్పిన మొదటి సంగతి నీతి గురించి కాదు. బిడ్డ లోపలికి చేరిన మొదటి రెండు రోజుల్లో తల్లిని అడిగి ఒక ఫొటో తీయండి, కాగితం మీద కొట్టించి ఆమె చేతిలో పెట్టండి, మీ ఫోన్లోంచి తుడిచేయండి అని చెప్పాను. చందా కోసం వాడాలా వద్దా అన్నది మీరూ ఆ తల్లీ తేల్చుకోండి, నాకు తెలియదు అని చెప్పాను. నిజంగానే తెలియదు. ఫొటో వాడి ఒక ఇల్లు కూల్చాను. వాడక ఒక బిడ్డను పోగొట్టాను. పద్నాలుగేళ్ల అనుభవం నాకు ఇంతకంటే ఏమీ నేర్పలేదు. బతికి ఇంటికి పోయిన బిడ్డలు చాలామంది ఉన్నారు. వాళ్లు మళ్లీ మా దగ్గరకు రారు, రాకూడదు కూడా. అందుకే నా దగ్గర మిగిలినవాళ్లు వీళ్లే.

తల్లి చేతిలో ఫొటో పెట్టమని అన్నిటికంటే మొదట ఎందుకు చెప్పానో రాసి ముగిస్తాను.

నేను మానేసే నెలలో షబానా వనపర్తికి ఏదో పని మీద వచ్చి, మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. బిడ్డ పోయి ఏడాది దాటింది. కూతురు వెంట ఉంది. అత్త కూడా ఆ ఏడు చలికాలంలోనే పోయిందని చెప్పింది. చాయ తెప్పించాను. తాగింది. తిన్నవా అని అడిగాను. తిన్న అంది. తర్వాత మెల్లగా అడిగింది.

"అక్కా, నీ ఫోన్ల మావోని ఫొటో ఏమన్న ఉన్నదా?"

లేదని నాకు తెలుసు. అయినా ఫోన్ తీశాను. ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. పెళ్లిళ్లు, మా అక్క మనవడు, కరెంటు బిల్లులు. ఆమె నా భుజం మీదుగా వంగి ప్రతి బొమ్మనూ చూస్తోంది. చివరిదాకా జరిపి, "లేదమ్మా" అన్నాను.

"దవాఖానల మా ఫోను లోపటికి తేనియ్యకపాయిరి. ఇంటికి తెచ్చినంక ఆ నాలుగొద్దులు వాని పరేషాన్ల ఫొటో సంగతే యాదికి రాలే" అంది. నన్ను అనాలని అనలేదు. జరిగింది చెప్పింది అంతే.

మళ్లీ అడిగింది. "నువ్వు రోజు లోపటికి పోతుంటివి గద. వాని ముక్కు నాదా అక్కా, ఆయనదా?"

గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ముక్కులో గొట్టం, దాన్ని అంటించిన పట్టీ, తలకు టోపీ. ఎంతమంది బిడ్డలు, అందరికీ అదే గొట్టం, అదే పట్టీ. ఎంత వెతికినా ఆ పట్టీ కింద మొహం నాకు కనిపించలేదు.

"నాకు యాదికి లేదు షబానా" అన్నాను.

ఆమె తల ఊపింది. కూతురి జుట్టు సరిచేస్తూ, నా వైపు చూడకుండా అంది:

"నాకుగూడ సక్కగ యాదికొస్తలేదక్కా. గందుకే అడిగిన."